పిడి తిప్పిన చప్పుడు

ఆర్విడ్ లిండ్‌క్విస్ట్ దగ్గర పదకొండేళ్లు కంచెలు బిగించాను.
నెబ్రాస్కా ఇసుక గుట్టల్లో గాలి
రాత్రికి రాత్రి గుట్టను పక్కకి జరుపుతుంది,
పొద్దున్నే గుంజలు ఎక్కడున్నాయో తవ్వి చూసుకోవాలి.
ఆయనకి నాలుగు వందల ఎర్రావులు, అట్ట చిరిగిన లెక్కల పుస్తకం,
హెడ్విగ్ అనే భార్య.
మాట్లాడితే వాతావరణం గురించి, అదీ మారినప్పుడే.

ఒక వేసవిలో రైల్లోంచి సినిమావాళ్లు దిగారు
తెల్ల బూట్లతో, నేరుగా పేడలోకి.
మందని బెదరగొట్టి పరిగెత్తించాలట,
తలకి రోజుకి పాతిక సెంట్లట.
రెండు రోజులయ్యాక ఆర్విడ్ పుస్తకంలో రాసుకున్నాడు:
"తోలినవి మూడు వందలు. నిజంగా పరిగెత్తినవి నూట నలభై."
మేస్తూ నిలబడ్డవాటి డబ్బు తిరిగిచ్చేశాడు.
వాళ్లెందుకు నవ్వారో
ఆయనకి చివరిదాకా బోధపడలేదు.

మంచు పడ్డాక ఆ బొమ్మ మా ఊరికొచ్చింది.
పియానో దడదడలాడుతోంది, తెరంతా దుమ్ము,
ఆ దుమ్ములో ఎడమ చెవి తెగిన మా ఆవు
ముందుకాళ్లు మడిచి కూలిపోయింది.
కింద అక్షరాలొచ్చాయి, చచ్చిపోయిందని.
చీకట్లో ఆర్విడ్ లేచి నిలబడ్డాడు.
"చావలేదు. లేచింది. మార్చిలో ఈనుతుంది."
వెనక నుంచి ఎవరో కూర్చోమని కసిరారు.
కూర్చున్నాడు గానీ
ఇంటికొచ్చే తొమ్మిది మైళ్లూ పగ్గాలు నాకే వదిలేశాడు.

వాగు వారనున్న మేత నేల అమ్మి కెమెరా కొన్నాడు.
హెడ్విగ్ మూడు రోజులు పొయ్యితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.
"పడిపోవడం చూపించారు కదా,
లేవడం నేను తీస్తాను" అన్నాడాయన.

కథ ఉండేది, నిజంగానే.
పళ్ల డాక్టరు కొడుకు డెల్బర్ట్ హీరో,
టోపీ అరువు, తుపాకీ మాదే.
అంతా సిద్ధం చేసి పిడి తిప్పాం. కరకర, కరకర.
అచ్చం మొక్కజొన్న నలిపే మర చప్పుడు!
డెల్బర్ట్ గాల్లోకి పేల్చాడు, కేకలేశాడు, గుర్రం మీంచి పడ్డాడు కూడా.
ఒక్క ఆవు వాణ్ణి చూస్తే ఒట్టు.
నాలుగు వందలూ గుట్ట దిగి
మూతులు చాపుకుంటూ కెమెరా మీదికే.

ఏడు చుట్లు తీశాం. ఏడింటిలోనూ
దూరంగా ఆవులు, దగ్గరగా ఆవులు,
ఒక ముక్కు,
ఆ తర్వాత నాలుక.

ఒమాహాలో కొనేవాడు చుట్ట ఆరిపోయేదాకా చూసి
"ఇందులో దొంగలేరీ?" అన్నాడు.
"మా వైపు దొంగలు రారండీ, దూరమెక్కువ" అన్నాడు ఆర్విడ్.
తిరిగొచ్చాక ఆ డబ్బాలని దూడల్ని తూచే కాటా మీద పెట్టి
పుస్తకంలో, ఆ నెల ఈతల వరసలోనే రాశాడు:
"ముప్పై ఎనిమిది పౌన్లు. నెలలు నిండలేదు."

ఇంకోటి మొదలెట్టాడు, చలికాలం మీద.
నూనె గడ్డకట్టి కెమెరా బిగుసుకుపోయింది.
ఆపైన మాంసం ధర పడిపోయింది, వాన ముఖం చాటేసింది,
బ్యాంకువాళ్లొచ్చి
ఆవుల వీపుల మీద సుద్దతో అంకెలేసి వెళ్లారు.
కెమెరాకి మాత్రం ఎవరూ పాట పాడలేదు.

రైలు మర్నాడు.
సాయంత్రం ఏం తోచక
కంచె పక్కన మూడు కాళ్ల మీద దాన్ని నిలబెట్టి పిడి తిప్పాను.
లోపల ఫిల్ము లేదు.
గుట్ట మీద ముందు ఒక తల కనపడింది, తర్వాత వరసగా అన్నీ,
వీపుల మీద బ్యాంకు అంకెలతో
పాత అలవాటుకొద్దీ నమ్మి వస్తున్నాయి.
చెవి తెగినది అందరికన్నా ముందు.
నా చెయ్యి ఆగలేదు, ఇంకా జోరుగా తిరుగుతోంది.

గుమ్మంలోంచి ఆర్విడ్ కేకేశాడు:
"సెకనుకి రెండు చుట్లేనయ్యా,
అంత తొందరైతే బొమ్మ పాడవుతుంది."

నెమ్మదించాను.