మూడో నత్త

బాతులకని నాన్న ఏరిన బకెట్లోంచి
మూడు నత్తల్ని జేబులో దాచి తెచ్చాను.
కాట్రేనికోన అవతల కాలవ గట్టు మీద మా బడి,
ముసురు పట్టిన ఆగస్టు.

"ఏ నేల మీద జోరుగా పోద్ది, తడా పొడా?"
గ్రేసమ్మ టీచరు అడిగింది.
"తడే!" అన్నాం అందరం.
"అనుకోడం అయింది. ఇక చూద్దాం."

వీరవేణి జానతో రెండు జానలు, పైన బెత్తెడు.
నా జానతో రెండుకి కాస్త తక్కువ.
నత్త అదే, దారి అదే.
అప్పుడొచ్చింది బల్ల మీదికి చెక్క స్కేలు.
సున్నా దగ్గర ఎలకలు కొరికేశాయి,
అందుకని ఒకటి నుంచి మొదలెట్టమంది.

అయిదు నిమిషాలు.
తడి మీద ముప్ఫై నాలుగు సెంటీమీటర్లు,
పొడి మీద పదకొండు.
మూడోది, అదీ తడి మీదే,
గుల్లలోకి ముడుచుకుని కూచుంది.
జాలేసి ఏడు రాశాను.

టీచరు కేకలెయ్యలేదు.
"కదిలిందా?"
"లేదండి."
"సున్నా రాయి. అదీ నువ్వు చూసిందే కదా."

తెల్లారి తలుపు తీస్తే మూడోది లేదు.
నల్లబల్ల కింద నుంచి కిటికీ దాకా
ఎండిన జిగురు గీత, వంకర్లు పోతా మెరుస్తోంది.
దారప్పోగు పరిచి, వంపు వంపులో వేలితో నొక్కి,
తిన్నగా లాగి స్కేలు పక్కన పెట్టాం:
రెండు మీటర్ల పద్నాలుగు.
"ఎంతసేపట్లో?"
రాత్రంతా ఎవరు చూశారు?
నోటిదాకా వచ్చిన అంకెని మింగి
కాలం గడిలో రాశాను: తెలీదు.

ఆ సాయంత్రం బాతుల్ని దొడ్లోకి తోలుతూ
"ఎన్నున్నాయిరా?" అన్నాడు నాన్న.
ఎప్పుడూ చెప్పే అంకె చెప్పబోయి
ఆగి,
మొదటి బాతు నుంచి లెక్కెట్టాను.