తువ్వాలు వేసిన చోటు

జూన్ నెల. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీ ముందర
తోతాపురి కాయల ట్రాక్టర్లు
హైవే దాకా బారు తీరి ఉన్నాయి.
రాత్రి రెండుంబావు కాకముందే
కాటా చీటీలు ఆగిపోయాయి.

ఇక్కడ రెండు మిషన్లు, ఒకటే డిస్కు.
ఎవరు ముందు చెయ్యి వేస్తే రాత వాళ్లది.
రెండోది చదవచ్చు, రాయకూడదు.
బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టే,
మనిషి ఇంకా ఎక్కకపోయినా
సీటు మాత్రం ఆయనదే.

మొదటి మిషనుకు మాట పడిపోయింది.
తెర మీద ఒక్క వరుస: సెషన్ ముగిసింది.
ఎప్పుడు? రెండూ పదమూడుకు.
ఎందుకు? ఖాళీ.

రెండో మిషను రాయబోతే డిస్కు ఒప్పుకోలేదు.
చోటు ఇంకొకరిది, అంది.
"ఆ ఇంకొకరు లేరు గదా" అన్నాను, పైకే.
దానికీ తెలుసు. అయినా తువ్వాలు తియ్యదు.

చేసినవాళ్లు పొరపాటున అట్లా పెట్టలేదు.
తీగ తెగడం వేరు, మనిషి లేకపోవడం వేరు.
మా ఇంట్లో గడప దాటేవాళ్లు
పోతా అనకూడదు. అంటే అవ్వ చెంప వాయించేది.
పోయొస్తా అనాలి.
ఆ ఒక్క 'వస్తా'కే
రాత్రి కంచంలో ముద్ద, మీద మూత.

తన పేరు తానే కొట్టేసుకుని లేచినవాడి చోటు
డిస్కు వెంటనే తుడిచేస్తుంది.
ఏమీ చెప్పకుండా మాయమైనవాణ్ణి మాత్రం
పోయొస్తా అన్నవాళ్ల లెక్కలోనే వేస్తుంది.

గేటు దగ్గర హారన్లు.
"యాం మేడమ్, ఇంకెంతసేపు? కాయలు మాగిపోతాండాయి!"
కిటికీ ఊచలు పట్టుకుని డ్రైవరు చెంగల్రాయులు.
నా చేతిలో ఒక కమాండు ఉంది.
పాత పేరు చెరిపి, కొత్తదానికి చోటు ఇచ్చేది.
ఒక్క వరుస. ఎంటర్ కొడితే చాలు.

పోయిన ఏడాది తువ్వాళ్ల పద్ధతే వద్దనుకున్నాం.
లేదనుకున్న మిషను లేచొచ్చి
కొత్తదాని రాత మీద తన రాత రాసింది.
మునిలక్షుమ్మ నాలుగు టన్నుల కాయ
ఎవరిదో తవణంపల్లె ఖాతాలో పడింది.
మూడు దినాలు గేటు దగ్గరే కూచుంది ఆమె.
అరవలేదు. వచ్చినవాళ్లందరికీ చీటీ చూపించింది.

వాచ్‌మన్ గంగులప్పకు టార్చి ఇచ్చి
కాటా గదికి పంపించాను.
"పచ్చ దీపం ఉందా చూడు. ఉంటే ముట్టుకోవద్దు."

ఫోనులో అతని రొప్పు, కప్పల అరుపు.
"వెలగతా ఉండాది మేడమ్. ఫ్యాను గూడా తిరగతా ఉండాది.
తీగెనే, పందికొక్కు కొరికేసినాది."

బతికే ఉంది.
పదమూడు బండ్ల బరువు కడుపులో పెట్టుకుని
చెప్పుకునే దారి లేక
చీకట్లో కూచోనుంది.

తీగ మార్చేసరికి మూడూ నలభై.
కొత్త సెషను, పాత పేరు.
యాడికి పోయినావని డిస్కు అడగలేదు.
పదమూడు చీటీలు వరసగా కక్కింది ప్రింటరు.
చెంగల్రాయులు తన చీటీ దీపానికి పట్టి చదువుకున్నాడు,
నా వైపు చూడకుండా.

తెల్లారి చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు.
ఉన్నది ఒకే సీటు. దాని మీద తువ్వాలు.
"ఎవురిదిది?" కండక్టరు అరిచాడు. ఎవరూ పలకలేదు.
బస్సు కదిలింది.
"కూచోమ్మా, వాడింకేం వస్తాడు."
కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కాళ్లు పీకుతున్నాయి.

ఎంతసేపు ఆగాలో
డిస్కుకైతే ఒక అంకె రాసివ్వచ్చు.
నేను పూతలపట్టు అనుకున్నాను.
పూతలపట్టులో ఇద్దరు ఎక్కి,
దాన్ని చూసి, ముందుకు పోయారు.
సరే, పాకాల దారి చీలే దాకా.

చంద్రగిరి కొండ కనిపించాక
తువ్వాలు తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకుని కూచున్నా.
ఇంకా తడిగా ఉంది.
మామిడి సొన వాసన.