రేవు దిగే ముందు

మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి
పెద్ద దీవి నుంచి పడవ వస్తుంది.
టికెట్ మీద ఎనిమిదింటికని ఉంటుంది, ఎనిమిదింటికే రండి.
ఎప్పుడు బయల్దేరుతుందో ఇంజను దగ్గరున్న ఆంబ్రోజ్‌కే తెలియదు గానీ
మీరు ఆలస్యమైన రోజే అది వేళ తప్పదు.
ఎడమవైపు కూర్చుంటే తడుస్తారు.
కడుపులో తిప్పితే కొండ కొస మీద చూపు నిలిపి
అల్లంముక్క బుగ్గన పెట్టుకోండి.

రేవులో మీ పెట్టె లాక్కునే కుర్రాడు టైరెల్.
దొంగ కాదు, మా అక్క మనవడు.
రెండు డాలర్లివ్వండి. మా డాలర్లు.
చిల్లర లేదంటాడు. ఉంటుంది.

ఫిలమీన్ ఇల్లు ఎక్కడని ఎవరినైనా అడగండి.
అడిగే ముందు మాత్రం గుడ్ మార్నింగ్ చెప్పండి.
పలకరించకుండా ధర అడిగినవాళ్లకు
మిస్ యూడోరా కొట్లో బ్రెడ్డు ఎప్పుడూ అయిపోయే ఉంటుంది,
అద్దాల బీరువాలోంచి ఆవిరి కక్కుతూ కనిపిస్తున్నా సరే.

డబ్బు మెషీను ఒక్కటే, తపాలా ఆఫీసు వరండాలో.
జీతాల శుక్రవారం మధ్యాహ్నానికే ఖాళీ.
మళ్లీ నింపేది సోమవారం,
నింపేవాడికి జ్వరం రాకపోతే.

వ్యానులో మీ ఒళ్లో ఎవరి పసిపిల్లో వచ్చి కూర్చుంటుంది.
కంగారుపడకండి, దిగేటప్పుడు తీసుకెళ్తారు.
ఆదివారం వ్యాను లేదు, కొట్టు లేదు,
ప్రార్థన ఉంది, తర్వాత వేయించిన చేప ఉంది.

ఇక్కడ నది లేదు. బావి తవ్వితే ఉప్పు.
మా రేకుల మీద పడ్డ వానే తొట్టిలోకి దిగుతుంది,
మీరు ఒంటి మీద పోసుకునేది పోయిన నవంబరు వాన.
మనిషికి రెండు బకెట్లు. జుట్టున్నవాళ్లకు మూడు.

తీరం వెంబడి ఎర్ర రంగు పట్టీ వేసిన చెట్లుంటాయి.
చిన్న ఆపిల్ పండ్లలా నవ్వుతాయి, ముట్టుకోకండి.
వానొస్తే దాని కింద నిలబడకండి,
ఆకు మీంచి జారిన చుక్క చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది.
తడవండి. తడిస్తే ఆరతారు.

ఇంకొకటి.
గుట్ట మీద సమాధుల చుట్టూ శంఖాలు పేర్చి ఉంటాయి,
లోపల లేత గులాబీ రంగు. అందంగానే ఉంటాయి.
అక్కడే ఉండనివ్వండి.

పై గదిలో ఒకాయన దిగాడు, చాలా ఏళ్ల కిందట.
మర్యాదస్తుడు, వెళ్లేరోజు దుప్పటి కూడా మడతపెట్టాడు.
పదకొండేళ్లకు ఒక అట్టపెట్టె వచ్చింది.
బూడిదరంగు ఊలు మేజోడు ఒకటి,
మేజోడులో శంఖం.
ఉత్తరం లేదు. కస్టమ్స్ కాగితం మీద మాత్రం
వస్తువు: ఒకటి. విలువ: లేదు.
విడిపించుకోవడానికి నాలుగు డాలర్లు కట్టాను.

ఏ సమాధిదో ఎలా తెలుస్తుంది?
గుట్టంతా తిరిగాను. ఒక శంఖం తక్కువైన సమాధి కోసం.
తుపాను తర్వాత అన్నిటికీ తక్కువే.
చివరికి ప్రహరీ పక్కన, ఖాళీ నేల మీద
మా తమ్ముడు గెర్వేజ్‌కి పెట్టాను.
వాడికి సమాధి లేదు. వలతో, పడవతో సహా పోయాడు,
ఆ పూట సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది.
ఎవరిదో సొమ్ము వాడికిచ్చాననుకోండి.
అడగడానికి వస్తే ఇచ్చేస్తాను.

రెండో మేజోడు రాలేదు.
వచ్చినదానితో లాంతరు చిమ్నీ తుడుస్తున్నాను, బాగా పనికొస్తోంది.

ఏం చెబుతున్నాను? తిరుగు ప్రయాణం.
రేవు సుంకం పది డాలర్లు, విడి నోట్లుగా ఉంచుకోండి.
కిటికీ వెనక కూర్చునే డెస్మండ్‌కి నోటు మడతపడితే నచ్చదు.
అలలు లేచిన రోజు పడవ రాదు, ఎవరూ చెప్పరు కూడా.
తొమ్మిదింటి దాకా చూసి వెనక్కి వచ్చేయండి.
తాళంచెవి తలుపుకే ఉంటుంది.
ఆ రాత్రికి డబ్బు తీసుకోను.
బకెట్లు మాత్రం రెండే.