దూరపు కొండలు

"బాబుకా అపా?" అన్నాడు లింగరాజు సాహు
స్టూలెక్కి అట్టపెట్టెలు దించుతూ.
కాదు, నాకే అన్నాను.
ఒక పెట్టె అతని చేతిలోనే కాసేపు ఆగింది.

రాయగడ స్టేషన్ రోడ్డులో
త్రినాథ డిజిటల్స్ నాది.
ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు, నలభై రూపాయలు.
గడ్డం కొంచెం దించండి, నవ్వకండి, కదలకండి:
పదిహేడేళ్లుగా నా నోట ఈ మూడు ముక్కలే.
రాత్రి షట్టరు సగం దించి
పెళ్లి ఆల్బమ్‌లు పక్కకి నెట్టి
అదే కంప్యూటర్‌లో
విశాఖ నుంచి చిన్న విమానం లేపుతాను.
రెండు సీట్లు. పక్కసీటు ఖాళీ.
రైలుపట్టా పట్టుకుని పైకి రావడమే నా దారి,
విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం.
దిక్సూచి చూడ్డం ఇంకా సరిగా రాదు.
పట్టాలైతే పుట్టినప్పట్నుంచీ తెలుసు.

కొమరాడ దాటిందంటే
పాత మెషీన్‌కి ఆయాసం.
నాగావళి ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి పరుచుకునేది.
దూరపు కొండలు నునుపంటారు చూడండి,
నా తెర మీద దగ్గరి కొండలూ నునుపే,
పచ్చరంగు పూసిన ఇడ్లీల్లా.
ముక్కు తగిలేంత దగ్గరికెళ్లాక
ఒక్కసారిగా రాళ్లు మొలిచేవి.
రెండుసార్లు అలాగే చచ్చాను.

సాహు రెండు కార్డులు బల్ల మీద పెట్టాడు.
ఒకటి పెద్దది. మూడు ఫ్యాన్లు, ఎనిమిది జీబీ,
పదకొండున్నర వేలకే ఇస్తానన్నాడు.
ఎందుకింత చవక?
తల గోక్కున్నాడు. "మైనింగ్ అపా.
విశాఖలో ఎవరో దీంతో నాణేలు తవ్వించారు.
మూడేళ్లు. పగలూ రాత్రీ."
ఫ్యాను వేలితో తిప్పాను.
గర్‌ర్‌మని ఆగి, మళ్లీ ఒక చిన్న గర్‌ర్.
ఆ దగ్గు నాకు తెలుసు.
టికిరి వైపు నుంచి ఫొటోకొచ్చేవాళ్లు కొందరు
కదలకండి అన్నాక
దాన్ని గొంతులోనే బిగబట్టి కూర్చుంటారు,
క్లిక్‌మన్నాక వదుల్తారు.
గనిలోంచి వచ్చినదాన్ని
మళ్లీ పన్లోకి ఎలా దించను.

పైగా అది తాగే కరెంటు!
నా డబ్బా మీద నాలుగొందల యాభై వాట్లని రాసుంది.
రాత మాత్రమే.
పక్కింటి అప్పలనర్సమ్మ గ్రైండరు వేస్తే చాలు
నా ట్యూబులైటు కన్ను కొడుతుంది.

రెండోది అరచేయంత. ఒక్క ఫ్యాను. ఆరు జీబీ.
వేరే వైరు అడగదు,
బోర్డు పెట్టినంతే తింటుంది.
కొత్తది, బిల్లుతో పదహారు వేలు.
పదహారు వేలంటే నాలుగొందల ముఖాలు.
నాకు లెక్క అలాగే వస్తుంది.
"ఇంకో నాలుగు వేసుకుంటే దీని అన్న ఉన్నాడు అపా."
నా తెర పంతొమ్మిది అంగుళాలు సాహూ,
చిటికెన వేలికి వడ్డాణం దేనికి.
పదమూడు చేతిలో పెట్టి
మిగతా మూడూ మాఘం పెళ్లిళ్ల పద్దులో రాయించాను.

మబ్బులు మధ్యరకం, నీడలు తక్కువ, చెట్లు సగం.
సెకనుకి ముప్పై బొమ్మలు.
పగలంతా మనుషుల్ని ఒక్క బొమ్మలో బిగించేదాన్ని,
ముప్పై బొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటే తప్ప
రెక్క వాలదని ఇప్పుడు చూస్తున్నాను.

కొమరాడ.
కొండలు చాలా ముందే కనపడ్డాయి.
గరుగ్గా, వాన కోసిన చారలతో.
దూరపు కొండలు నునుపు కావు.
రాయగడలో పేపరుమిల్లు గొట్టాలు లేవు,
నా షాపున్నచోట ఎవరిదో రెండంతస్తుల మేడ.
సర్లే అని ఎడమకి వంచాను, టికిరి వైపు.

అక్కడ కొండ మొత్తంగా ఉంది.
ఉపగ్రహం ఏ ఏట తీసిన బొమ్మో,
నెత్తిన అడవితో, ఎర్రరోడ్డు లేకుండా,
ఎవరో కదలకండి అన్నట్టు.

చుట్టూ తిరిగాను. ఇంకోసారి తిరిగాను.
పెట్రోలు ముల్లు ఎరుపులోకి దిగింది,
వాలడానికి చోటు చూసుకోవాలి.
పక్కింట్లో రేపటి పిండికి గ్రైండరు మొదలైంది.
ట్యూబులైటు కన్ను కొట్టింది.
కార్డు రెప్పెయ్యలేదు.