పచ్చసొన

టికెట్టు నాకు యాభై, ఇందుజకి ఇరవై.
అడయారు ఒడ్డున, ఆదివారం పొద్దున,
పెల్టన్ దొర తోట బంగళా.
చెప్పులు బయటే విడవమన్నారు,
నేల అరిగిపోతుందట.

మాది పెయింటు కాంట్రాక్టు, వ్యాసార్‌పాడి.
ఏ ఇంటికెళ్లినా ముందు గోడని పలకరిస్తాను,
వేలి కణుపుతో రెండు దెబ్బలు.
డొల్లగా పలికితే లోపల పుచ్చు.
గట్టిగా పలికితే లోపల మేస్త్రీ ఉన్నట్టు.

ఈ హాల్లో గోడ తాకకుండా తాడు కట్టారు.
తాడు మీదుగా చెయ్యి చాచి కొట్టాను.
ఏమీ అనలేదు గోడ.
కొత్త కుండ అడుగులాగా
చల్లగా ఊరుకుంది.

"పాలరాయి అనుకుంటారు అందరూ, గుల్లసున్నం"
అంది గైడు అన్బరసి.
పులికాట్ నుంచి పడవల్లో వచ్చిన గుల్లలు
బట్టీలో కాల్చి, నీళ్లలో చల్లార్చి,
బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు, పులిసిన పెరుగు,
ఆఖరి పూతకి కోడిగుడ్ల తెల్లసొన.
ఈ ఒక్క హాలుకే లక్ష గుడ్లట.
లెక్కల పుస్తకం అద్దాల పెట్టెలో ఉంది.
గుడ్లు ఇన్ని, బెల్లం ఇన్ని మణుగులు,
కూలి, ఆడ, ఇంత.
కూలి, పిల్ల, అందులో సగం.

ఇందుజ చెయ్యెత్తింది, బళ్లో లాగా.
"మరి పచ్చసొన ఎవరు తిన్నారు?"

అందరూ నవ్వారు.
అన్బరసి కూడా నవ్వి, మంచి ప్రశ్న అని
మెట్ల వైపు నడిచింది.
మెట్లకి బర్మా టేకు.
దాని గురించి చాలాసేపు చెప్పింది.

నేను ఎక్కలేదు.
లక్ష పచ్చసొనలు.
బానల్లో, బుంగల్లో,
మద్రాసు ఎండకి మధ్యాహ్నానికే వాసన.
దొర వంటవాడు ఎన్ని పుడ్డింగులని చేస్తాడు?
గుర్రాలకి పెట్టారా, దొరసాని జుట్టుకి పట్టించారా,
వెనక ఏట్లో పోస్తే చేపలు బలిశాయా?
లేకపోతే సందెవేళ కూలి డబ్బులతో పాటు
కొబ్బరి చిప్పల్లో ఒలకకుండా
పట్టుకెళ్లారా
ఆడ కూలీ, పిల్ల కూలీ?
పుస్తకంలో ఆ గడి లేదు.

నా డబ్బాకి కంపెనీ అయిదేళ్లు గ్యారంటీ ఇస్తుంది.
మూడో వానకే పార్టీ ఫోను చేస్తాడు.
ఇది రెండొందల ఏళ్ల గోడ, ఏ కాగితమూ లేదు.
కిటికీ కింద మాత్రం చెమ్మ దిగితే
ఎవడో సిమెంటు మెత్తాడు, మూడు జానల మేర,
పట్టుచీరకి గోనెపట్టా అతుకు వేసినట్టు.
సిగ్గేసింది. మా వాడే అయ్యుంటాడు.

ఎక్కడన్నా ముద్ర ఉంటుందని వెతికాను.
స్తంభాల వెనక, తలుపుల చాటున,
ఒక అరచెయ్యి, ఒక గోటి గీత,
ఆరకముందే ఆనుకున్న ఒక భుజం.
ఒక్కటీ లేదు.
"చెయ్యి కనపడిందా, పని చెడినట్టేరా"
అనేవాడు మా నాయన.
గులకరాయితో రుద్ది రుద్ది
అద్దమై మొహం కనపడేదాకా రుద్ది
తమ జాడ తామే తుడిచేసుకుని వెళ్లారు.
ఆ అద్దంలో ఇప్పుడు నేనున్నాను,
నడుం మీద చెయ్యి పెట్టుకుని
రేటు కట్టేవాడిలా.

బయట నిద్రగన్నేరు నీడ లాన్‌లో సగం దాకా.
గడ్డి తొక్కరాదని తమిళంలో, ఇంగ్లీషులో బోర్డు.
"మనది తెలుగు కదా నాయనా"
అని ఇందుజ గడ్డి మీదే చతికిలపడింది.
ఏటి మురుగు వాసన. పొదలోంచి ఒక ముంగిస.
కాంపౌండు అవతల ఇరవై అంతస్తులు లేస్తున్నాయి,
నా కొటేషనుకి వాళ్లింకా బదులివ్వలేదు.

టిఫిన్ డబ్బాలో ఉడికిన గుడ్లు రెండు.
ఇందుజ పెంకు ఒలిచి
తెల్లదంతా చుట్టూరా కొరుక్కుతిని
ఎప్పటిలాగే
మిగిలిన పచ్చటి ఉండని
నా అరచేతిలో పెట్టింది.

విజిల్ ఊదుకుంటూ వాచ్‌మన్ వస్తున్నాడు.
ఉప్పు మరిచిపోయాం.