పోను ఏడు, రాను రెండు

చిన్నబాబు ఫహద్ గ్లోబు తెచ్చి
"మీ ఊరు యాడ రెడ్డెమ్మా" అన్యాడు.
కువైట్ మింద బొటనవేలు పెట్టి
హైదరాబాదు మింద చూపుడువేలు ఆనిచ్చినా.
"ఇంతేనా!" అని నవ్వినాడు.

ఇంతే నాయనా.
ఇమానంలో నాలుగున్నర గంటలు.
ఇస్త్రీపెట్టె లెక్కలో
ఇరవై రెండు దిష్‌దాషాలు, కాలర్లతో సహా.

గడియారం లెక్కే వేరు.
ఈడ పొద్దున పదికి ఎక్కితే
ఆడ దిగేతలికి సాయంత్రం ఐదు.
ఆడ పదికి ఎక్కితే
ఈడ పన్నెండుకల్లా మళ్లీ మేడమ్ వంటింట్లో.
పోను ఏడు గంటలు, రాను రెండు.
నా వాచీ గూడా వీళ్లింట్లోనే జీతానికుంది.

గురువారం రేత్రి
మిద్దె మింద గుడ్డలు తీస్తాంటే
పది గంటల ఇమానం లేస్తాది ఫర్వానియా నుంచి.
దిగొచ్చి ప్లగ్గు పెడతా.
నాలుగో దిష్‌దాషాకి నేల వదిలేసుంటాది,
పదోదానికి మస్కట్ దీపాలు,
ఆపైన మడత మింద మడత అంతా సముద్రమే.
మధ్యలో ఒక గుండీ ఊడింటే
ఇమానం ఆడ్నే నిలబడి
నేను కుట్టిందాకా కాచుకుంటాది.

రెండున్నరకి
ఆఖరిది కొక్కీకి తగిలిస్తా.
పెట్టె ఒకసారి ఉస్సంటాది,
శంషాబాదులో చక్రాలు నేలకు తగిలినట్టు.

ఇంగ రాయచోటికి బస్సు, పది గంటలు.
ఆ దారి గ్లోబులో ల్యా.
ప్లగ్గు పీకి
బండల మింద దుప్పటి పరుస్తా.

ఐదుకి అలారం.
ఒక్క రేత్రి గూడా
కర్నూలు దాటనీల్యా.