నిమ్మకాయ

రాయగడ దాటాక మొదటి మలుపులోనే
మా బండి గడ్డిబండిలా ఒరిగేది.
రమణి పై పిడి పట్టుకుని, కళ్లు మూసుకుని,
గుప్పిట్లో నిమ్మకాయ.

"టైర్లు బురదకి కొన్నావు, తోలేది తారు మీద,"
అన్నాడు గున్నేశు, బండికింద కాళ్లు మాత్రం కనబడుతూ.
"ఎత్తు ఎవులికి కావాలి, నీకా, బండికా?"

జవాబు చెప్పలేదు.
నూనె కారిన షాకబ్జర్లు నాలుగూ విప్పి
గోనెపట్టా మీద పడుకోబెట్టాడు.
పొట్టి స్ప్రింగులు. రోడ్డు టైర్లు. గాలి ముప్పైనాలుగు.
రెండంగుళాలు దిగింది బండి.
నేనెంత దిగానో ఎవరూ కొలవలేదు.

నిన్న కొరాపుట్ ఘాటీలో వాన,
ఎదురుగా బాక్సైట్ లారీ, మలుపులో ఇంకో మలుపు.
స్టీరింగ్ చెప్పిన మాట చక్రాలు విన్నాయి.
పక్కకి చూశాను, మెచ్చుకుంటుందేమోనని.

నోరు కాస్త తెరిచి
నిద్రపోతోంది.
డాష్‌బోర్డు మీద నిమ్మకాయ
పెట్టినచోటే ఉంది.